బతికున్న ఎరువును చచ్చాక అమ్మితే ఎలా?

బ్యాక్టీరియా అనగానే మన రైతుకు ముందుగా తెగులే గుర్తుకొస్తుంది. వరిలో ఎండాకు తెగులు, టమాటాలో వడలు తెగులు వీటి పనే మరి. అయితే ఊళ్లో నలుగురు దొంగలున్నారని ఊరంతా దొంగలే అనుకోకూడదు కదా! చారెడు మంచి మట్టిలో కోట్లాది బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో తెగులు తెచ్చేవి కొద్ది రకాలే. మిగతావి పేడను, ఆకు అలమును కుళ్లబెట్టి పైరుకు తిండిగా మారుస్తున్నాయి.

బ్యాక్టీరియా అంటే ఒకే ఒక్క కణం. మొక్క కణంలో ఉన్నట్టు దానిలో కేంద్రకం ఉండదు. తిండి, తేమ, తగిన వేడి దొరికితే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెండుగా చీలిపోతాయి. అదే ఎండకు మాడితే చాలా రకాలు చచ్చిపోతాయి. ఈ ముక్క గుర్తుంచుకోవాలి. మనం మాట్లాడవలసిన గొడవంతా ఇక్కడే ఉంది.

గాలిలోనే నత్రజని

మన పొలం మీది గాలిలో 78 శాతం నత్రజనే. కాని పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. అందుకే యూరియా కొంటున్నాం. 45 కిలోల బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకు నత్రజని. గాలిలోని నత్రజనిని పైరుకు పనికొచ్చేలా మార్చే శక్తి కొన్ని సూక్ష్మజీవులకు ఉంది. కంది, మినుము, పెసర, శనగ, వేరుశనగ వేళ్లకు బుడిపెలు కట్టించి రైజోబియం జాతి బ్యాక్టీరియా చేసే పని ఇదే. మొక్క వాటికి చక్కెర పెడుతుంది, అవి మొక్కకు నత్రజని ఇస్తాయి. 1888లో హాలెండ్‌లో బైజరింక్ అనే శాస్త్రవేత్త ఈ బ్యాక్టీరియాను బుడిపెల నుంచి తీసి విడిగా పెంచాడు. అపరాల తర్వాత వేసిన పైరు బాగుంటుందని మన పెద్దలు అనుభవంతోనే కనిపెట్టారు.

పూతకు ముందు ఒక మొక్కను మట్టితో సహా తవ్వి తీసి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టే. తెల్లగా గాని, ఆకుపచ్చగా గాని ఉంటే జరగనట్టే. అపరాలకు యూరియా ఎక్కువ వేస్తే బుడిపెలు సరిగా కట్టవు.

బురదలో ఇంకో జాతి

చూడ్డానికి బ్యాక్టీరియాలాగే ఉండి, వేరే వర్గానికి చెందినవి ఆర్కియా. ఇవి వేరని 1977లో అమెరికాలో కార్ల్ వోస్, జార్జి ఫాక్స్ తేల్చారు. గాలి తగలని చోట మీథేన్ తయారుచేసేవి ఇవే. గోబర్ గ్యాస్ పొయ్యి మండేది వీటి చలవే. నీరు నిలిచిన వరి మడిలోనూ ఇవే మీథేన్ వదులుతాయి. ఆ గ్యాసు భూమిని వేడెక్కిస్తుంది. పొట్ట, పూత దశల్లో తప్ప మిగతా రోజుల్లో మడిని కాస్త ఆరనిచ్చి మళ్లీ తడి పెడితే వీటి జోరు తగ్గుతుంది, నీరూ మిగులుతుంది.

ప్యాకెట్లో ప్రాణం ఉందా?

ఇక అసలు విషయం. రైజోబియం, అజోస్పైరిల్లం, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా ప్యాకెట్లు ఎరువుల షాపుల్లో దొరుకుతున్నాయి. 2006లో వీటిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. పొడి రూపంలోని రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలని నిబంధన. చట్టం బాగానే ఉంది. కాని నడి వేసవిలో రేకుల షెడ్డు కింద, యూరియా బస్తాల పక్కన నెలల తరబడి పడి ఉన్న ప్యాకెట్లో ఎన్ని బతుకుతాయి? రైతు దాన్ని తెచ్చి విత్తనానికి పట్టిస్తాడు. ఫలితం కనబడదు. 'ఇదంతా ఉత్త బొగ్గుపొడి' అని మరుసటేడు మానేస్తాడు. అతన్ని తప్పు పట్టగలమా? అరెకరం, ఎకరం రైతుకు ప్యాకెట్ ఖరీదు పెద్దది కాకపోవచ్చు. కాని పోయిన కారు తిరిగి రాదు.

ఈ ప్యాకెట్లు వాడిన ప్రతిచోటా దిగుబడి పెరుగుతుందని చెప్పడం కూడా సరికాదు. ఆ పప్పుజాతి పంట ఎన్నడూ వేయని నేలలో, చాలా ఏళ్లు వేయని నేలలో మేలు ఎక్కువ. ఏటా వేస్తూ బుడిపెలు బాగా కడుతున్న నేలలో తక్కువ.

కాబట్టి అధికారులు చేయవలసినవి మూడున్నాయి. తొలకరికి ముందే షాపుల్లో నమూనాలు తీసి, బతికున్న కణాల లెక్క కట్టించి, ఫలితాన్ని సొసైటీ గోడ మీద అంటించాలి. నీడ, చల్లదనం లేని షాపుల్లో వీటిని అమ్మనివ్వకూడదు. యూరియా కావాలంటే ఇదీ కొనాలని ఎవరూ రైతుకు అంటగట్టకుండా చూడాలి.

రైతు చేయవలసిందీ ఉంది. ఏ పంటకు ఆ పంట రైజోబియమే అడగాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లార్చాలి. దాన్ని 8 నుంచి 10 కిలోల విత్తనం మీద చల్లి, 200 గ్రాముల పొడి పట్టించాలి. నీడన ఆరబెట్టి ఆ రోజే విత్తుకోవాలి. తెగుళ్ల మందు, పురుగు మందు పట్టించేదుంటే అవి ముందు, రైజోబియం చివర. చివికిన పశువుల ఎరువు, జనుము, జీలుగ మట్టిలోని జీవులకు తిండి. కొయ్యకాళ్లు తగలబెడితే ఆ తిండీ పోతుంది, పైపొరలోని జీవులూ పోతాయి.

ఈసారి ప్యాకెట్ తీసుకునేటప్పుడు ధర కంటే ముందు తేదీ చూడండి. గడువు దాటితే తిప్పి ఇచ్చేయండి. మంచిదే ఇచ్చినా బిల్లు అడిగి తీసుకోండి.