కౌన్సిలర్లకు సీబీటీ శిక్షణ, ఆపై ఏడాది సూపర్‌విజన్ కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి,
ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కౌన్సిలర్లు సమర్పించుకునే వినతి.

అయ్యా,

మేం ఆస్పత్రుల్లో, కాలేజీల్లో, సఖి కేంద్రాల్లో పనిచేస్తున్నాం. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ) మాలో చాలామందికి పీజీ పరీక్షలో ఒక ప్రశ్న. ఉద్యోగంలో చేరాక ఒక్కరోజు వర్క్‌షాప్. పొద్దున స్లైడ్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. మర్నాడే ఉరితాడు దాకా వెళ్ళొచ్చిన మనిషి మా ముందు కూర్చుంటాడు.

సిరిసిల్లలో ఒక మరమగ్గాల కార్మికుడికి మాలో ఒకరు ఆలోచనలు రాసుకునే 'థాట్ రికార్డ్' ఫారం ఇచ్చారు. ఇంగ్లీషులో ఏడు గళ్ళు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది లోను కాయితమా మేడం?" అన్నాడు. మరుసటి వారం కాగితం పక్కనపెట్టి నోటితోనే అడిగాం: ఏమైంది, మనసుల ఏమనుకున్నవ్, తర్వాత ఏం జేసినవ్? "సాంచ బందైంది. నేను ఎందుకూ పనికిరానోన్ని అనుకున్న. కల్లు దుకాణంకు వోయిన." సీబీటీ అంటే ఇదేనని మాకప్పుడు అర్థమైంది. మూడో వారం ఏం చేయాలో తెలియలేదు. అడుగుదామంటే పైన ఎవరూ లేరు. సాంచ (మరమగ్గం) బందవడం, అప్పు పెరగడం ఆయన ఆలోచనలో లోపం కాదు, వాటికి మందు పనీ కూలీనే. అక్కడి నుంచి 'పనికిరానోన్ని' దాకా పోయే మనసును ఆపడం మాత్రం మేం నేర్చుకోవాల్సిన విద్య.

ఉట్నూరు వైపు గోండి తప్ప వేరే భాష రాని ఒకామెకు, మాకు మధ్య దుబాసీగా మాట్లాడింది ఆమె మరిది. ఆయన ముందు ఇంటి సంగతి ఆమె ఏం చెప్పుకుంటుంది?

డిగ్రీలు లేనివాళ్ళు కూడా ఈ పని చేయగలరని 2008లో పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో తేలింది. మన ఆశా వర్కర్ల వంటి మహిళలు సీబీటీ పద్ధతిలో డిప్రెషన్‌తో ఉన్న గర్భిణులతో, ప్రసవం తర్వాత కూడా మాట్లాడితే, ప్రసవమైన ఆరు నెలలకు వాళ్ళలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. ఆ శిక్షణ లేని వర్కర్లు వెళ్ళిన ఊళ్ళలో 53 శాతం. అక్కడా మొదటి శిక్షణ కొద్దిరోజులే. తేడా అంతా తర్వాత నెలనెలా జరిగిన సూపర్‌విజన్‌లో ఉందని మా నమ్మకం.

కాబట్టి మా మొదటి కోరిక అదే. కరీంనగర్‌లో, ఆదిలాబాద్ రిమ్స్‌లో శిక్షణ పెట్టించండి. ఆ తర్వాత ఏడాదిపాటు వారానికో గంట, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోని క్లినికల్ సైకాలజిస్టులు ఫోన్‌లోనైనా సరే మా కేసులు విని తప్పులు దిద్దేలా ఉత్తర్వులివ్వండి. ఫారాలు తెలుగులో, రాయలేనివారికి బొమ్మలతో కావాలి. గోండి, కొలామీ తెలిసినవాళ్ళకు దుబాసీలుగా శిక్షణనిచ్చి, రోజుకూలీ కట్టివ్వండి. కల్తీ కల్లు మానినప్పుడు వచ్చే వణుకును, ఫిట్స్‌ను ఆందోళన అనుకుని కూర్చోబెట్టి మాట్లాడితే ప్రాణం మీదికొస్తుంది. ఎవరిని ముందు డాక్టరు దగ్గరికి పంపాలో శిక్షణలో తప్పక నేర్పాలి. కాంట్రాక్టు వాళ్ళమని మమ్మల్ని జాబితా నుంచి తీసేయొద్దు. శిక్షణ రోజులకు జీతం కోయొద్దు.

ఇది దయ కోసం అడగడం కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 31వ సెక్షన్ సిబ్బంది శిక్షణను ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్ళలో జనాభాకు తగినంతమంది నిపుణులు ఉండేలా కృషి చేయాలంది. అది అమల్లోకి వచ్చింది 2018లో, పదేళ్ళ గడువు అప్పటి నుంచే లెక్క. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసినవాళ్ళకు జిల్లాలో ఎదురుపడాల్సింది మేమే.

ఈ విషయమై మాట్లాడటానికి అరగంట సమయం ఇప్పించగలరు.

ఇట్లు,
ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కౌన్సిలర్లు

జతపరిచినవి: ఏడు గళ్ళ ఇంగ్లీషు ఫారం ఒకటి, మేం చేత్తో రాసుకున్న మూడు ప్రశ్నల తెలుగు కాగితం ఒకటి.