ఆయా జీతం, మేనేజర్ పని

హైదరాబాద్ పడమటి వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో కొన్నేళ్లుగా ఒక ఉద్యోగం తయారైంది. దానికింకా పేరు కుదరలేదు. ఏజెన్సీకి ఫోన్ చేసేటప్పుడు ‘ఆయా కావాలి’ అంటారు. చేరిన కొన్ని నెలలకు ఆమె చేసే పని ఆ మాటలో ఇమడదు. పాప స్నానం, తిండి, నిద్ర ఎలాగూ ఆమెవే. వంటమనిషి నాగా పెడితే ఇంకొకరిని కుదర్చడం, కూరగాయల ఆర్డరు, గ్యాస్ బుకింగ్, ఏసీ మెకానిక్ దగ్గర నిలబడి పని చేయించుకోవడం, పెద్దాయనకు బీపీ మాత్ర అందించడం ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. ఇంటాయన, ఇంటావిడ ఇద్దరూ ఆఫీసులో ఉంటారు కనుక చిల్లర ఖర్చుల డబ్బూ ఆమె దగ్గరే ఉంటుంది. జీతం మాత్రం ఆయాగా చేరిన రోజు ఒప్పుకున్నదే.

ఈ పనికి ఎంతివ్వాలి? పక్క ఫ్లాటువాళ్లు ఎంతిస్తున్నారో కనుక్కుని అంతే ఇవ్వడం మన ఆనవాయితీ. వాళ్లూ అలాగే ఇంకో ఫ్లాటులో కనుక్కుని ఉంటారు. ఈ గొలుసులో ఎక్కడా ఎవరూ పనిని కొలవలేదు.

కొలత గంటలతో మొదలుపెట్టాలి. మాటవరసకు నెలకు 30,000 అనుకుందాం. వినడానికి మంచి జీతమే. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, నెలకు 26 రోజులు అంటే 312 గంటలు. గంటకు 96 రూపాయలు. ఇక్కడితో ఆగకూడదు. ఎనిమిది గంటలు దాటిన పనికి రెట్టింపు రేటు ఇవ్వాలన్నది మన వేతన చట్టాల్లోని సూత్రం. ఆఫీసులో మనకు వర్తించే ఆ సూత్రాన్నే ఇంట్లోనూ పాటిస్తే, రోజూ చేసే అదనపు నాలుగు గంటలు ఎనిమిదిగా లెక్కకు వస్తాయి. అప్పుడు ఆమె అసలు గంట రేటు 72 రూపాయలకు దిగుతుంది. 30,000 అన్న అంకెలో కనిపించిన పెద్దరికం 72లో కనిపించదు.

పాప నిద్రపోయినప్పుడు ఖాళీయే కదా అని ఇక్కడ ఒక వాదన వస్తుంది. ఖాళీయే, కానీ ఆమె బయటికి వెళ్లగలదా? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. తన సమయాన్ని తన ఇష్టం వచ్చినట్టు వాడుకునే వీలు లేకుండా, పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండే వేళను కూడా, జాతీయ చట్టాలు నిర్ణయించిన మేరకు, పనిగంటలుగా చూడాలంది. భారత్ దానికి అనుకూలంగా ఓటు వేసింది. ధ్రువీకరించడం మాత్రం ఇంతవరకు జరగలేదు.

ఇంట్లోనే ఉండి పనిచేసేవారి విషయంలో లెక్క ఇంకా చిక్కుపడుతుంది. ‘తిండి, గది మావే, మా ఇంటి మనిషిలా చూసుకుంటున్నాం’ అనే మాటకు అంతు ఉండదు. ఈ మాటనే చట్టంగా రాసుకున్న దేశం బ్రిటన్. యజమాని ఇంట్లో కుటుంబ సభ్యురాలిలా ఉంటున్న పనిమనిషికి కనీస వేతనం ఇవ్వనక్కర్లేదని అక్కడ మినహాయింపు ఉండేది. 2024 ఏప్రిల్ 1న దాన్ని ఎత్తేశారు. మన వేతనాల కోడ్ కూడా వస్తురూపంలో ఇచ్చేదాన్ని మొత్తం వేతనంలో 15 శాతం మేరకే వేతనంగా లెక్కిస్తుంది. రాత్రి రెండింటికి పాప ఏడిస్తే లేవాల్సింది ఆమే అయినప్పుడు, ఆ గది ఎవరి సౌకర్యం కోసమో వేరే చెప్పాలా?

2013 డిసెంబరులో న్యూయార్క్‌లో భారత డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేసినప్పుడు మన దగ్గర చర్చంతా ఆ అరెస్టు తీరు మీదే నడిచింది. ఆ ఆగ్రహంలో న్యాయం ఉంది. కానీ కేసు లోపలున్నది పిల్లల్ని, ఇంటిని కలిపి చూసుకునే మనిషి జీతం తగాదా. వీసా కాగితాల్లో గంటకు 9.75 డాలర్లు చూపారని, విడిగా రాసుకున్న ఒప్పందం ప్రకారం నెలకు 30,000 రూపాయలే ఇచ్చేలా ఉందని, అది గంటకు 3.31 డాలర్లని అమెరికా ప్రాసిక్యూటర్ల ఆరోపణ. నెల జీతంగా చూస్తే ఢిల్లీలో దర్జాగా కనిపించే మొత్తం గంటల్లోకి విడగొట్టేసరికి కేసు అయింది.

ఇక అసలు చిక్కు రెండు పనులది. పిల్లను చూడటానికి ఒక ధర ఉందని అందరూ ఒప్పుకుంటారు. ఇల్లు నడపడానికి ధర ఉందంటే మాత్రం నొసలు ముడిపడతాయి. అది ఇంతకాలం ఇల్లాలు ఊరికే చేసిన పని. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని, మగవాళ్లు 97 నిమిషాలని తేలింది. 2021 జనవరిలో కీర్తి కేసు తీర్పులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ఈ సర్వేను ప్రస్తావించి, గృహిణి శ్రమకు విలువ కట్టి తీరాలన్నారు. అది రోడ్డు ప్రమాద పరిహారం కేసు. ఇల్లాలు చనిపోతే ఆ పనికి కోర్టు ధర కడుతోంది. అదే పనిని మరో మనిషి జీతానికి చేస్తుంటే ‘పైపైన చూసుకోవడమేగా’ అంటున్నాం.

అలాగని రెండు పూర్తి జీతాలు కలిపి ఇవ్వమనడం లేదు. గంటలు రెట్టింపు కావు. నా లెక్కలో, రెండు పనుల్లో ఎక్కువ ధర పలికేదాన్ని మూలవేతనం చేయాలి. రెండోదానికి అందులో ఆమె మోసే బాధ్యతను బట్టి కలపాలి. చెప్పిన సామాను తేవడానికీ, ఏ సామాను తేవాలో తానే తేల్చడానికీ తేడా ఉంది. డబ్బు లెక్క చెప్పడం, ఇతర పనివాళ్లను అదుపులో పెట్టడం, మనం ఊళ్లో లేనప్పుడు నిర్ణయం తీసుకోవడం ఈ మూడూ ఆమెవైతే అది చిన్న భత్యంతో సరిపెట్టే పని కాదు. పాకే వయసు బిడ్డ ఉన్న ఇంట్లో అసలీ రెండు పనుల్ని కలపకపోవడమే మేలు. ఆమె మెకానిక్‌తో మాట్లాడుతున్న పది నిమిషాలు బిడ్డ మీద ఎవరి కన్నూ ఉండదు. అంత ఇచ్చుకోలేని కుటుంబాలు ఉన్నాయి, నిజమే. వాళ్లు తగ్గించుకోవాల్సింది పనుల జాబితాను.

చట్టం సాయం చేస్తుందా అంటే, కాస్తే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. కానీ తనిఖీ అధికారి ఫ్యాక్టరీ గేటు దాటినట్టు ఇంటి గడప దాటడు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో పారిశ్రామిక సంబంధాల కోడ్ ‘పరిశ్రమ’ నిర్వచనం నుంచి ఇంటిపనిని పేరు పెట్టి మరీ మినహాయించింది. ఇంటి పనివారి కోసం చట్టపరమైన ఏర్పాటును పరిశీలించేందుకు కమిటీ వేయమని అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

రాయచోటి, రాజంపేట వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు ఇదే పనికి కువైట్ వెళ్తారు. అక్కడ 2015లో వచ్చిన చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, ఒప్పందం ముగిశాక చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం ఇవ్వాలి. అమలు ఎలా ఉంటుందో వెళ్లొచ్చిన వాళ్లను అడిగితే చెబుతారు. అయినా అడగడానికి అక్కడొక కాగితం ఉంది. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో చేసిన మనిషి మానేసే రోజున ఒక చీర, ఆ నెల జీతం తీసుకుని వెళ్తుంది.

ఆ రోజును ముందే లెక్కలో వేయాలి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం 2019లో తెచ్చిన శ్రమ్ యోగి మాన్‌ధన్ పింఛను పథకంలో చేరాలంటే వయసు 18 నుంచి 40 మధ్య ఉండాలి, నెలసరి ఆదాయం 15,000 దాటకూడదు. మన మేనేజరమ్మ రెండు చోట్లా ఆగిపోవచ్చు. తాను పనిచేసే ఇంటి ఆదాయంలో సగం కూడా రాకపోయినా, పథకం లెక్కలో ఆమె ఎక్కువ సంపాదిస్తున్నట్టే. జాతీయ పింఛను పథకం ఎన్‌పీఎస్‌లో ఈ ఆదాయ పరిమితి లేదు. నలభై దాటినవాళ్లూ చేరవచ్చు. జీతం మాట్లాడుకునే రోజునే ఆమె పేరిట ఖాతా తెరిపించి, నెలకు జీతంలో పదో వంతు విడిగా అందులో వేస్తామని కాగితం మీద రాసివ్వడానికి ఏ కొత్త చట్టమూ రానక్కర్లేదు.