వాడ ముచ్చట: స్తంభం దాకా వచ్చిన తీగ

"సిటీ అంతా ఫ్రీ వైఫై పెడితే పేదోళ్లకు ఇంట్ల బ్రాడ్‌బ్యాండ్ ఎందుకన్నా?" అని ఒక మిత్రుడు అడిగిండు. ఆయన ఇంట్ల ఫైబర్ ఉన్నది.

మన వరంగల్, కాజీపేట స్టేషన్లల్ల రైల్‌టెల్ వైఫై ఉన్నది. ఫ్రీగ దొరికేది రోజుకు అరగంట, 1 ఎంబీపీఎస్ స్పీడుతోని. రైలు వచ్చేదాక వాట్సాప్ చూసుకోను సరిపోతది. మరి గ్రూప్స్‌కు చదివే మా వాడ ఆడపిల్ల రాత్రి పదింటికి ప్లాట్‌ఫారం మీద కూసోని క్లాసు వినాల్నా? 2020 కరోనా కాలంల బడి పాఠాలు టీ-శాట్ల, దూరదర్శన్ యాదగిరిల వచ్చినయి. ఇంట్ల టీవీ, ఫోను ఉన్న పిల్లలకే ఆ చదువు అందింది.

వైఫై సిగ్నల్ గోడ దాటితే బలం తగ్గుతది. పది మంది పంచుకుంటే నెమ్మదైతది. ఆ స్తంభం మీది డబ్బాకు సుత కేబులే రావాలె. అక్కడిదాక వచ్చిన తీగ మా గడపదాక ఎందుకు రాదు?

టీ-ఫైబర్ కేబుళ్లను మిషన్ భగీరథ పైపుల కందకాలల్లనే వేసిండ్రు. అదే కందకంల నీళ్లు ఇంటింటికి అన్నప్పుడు, ఇంటర్నెట్ మాత్రం బజార్లనే ఎందుకు?

పబ్లిక్ వైఫై వద్దంటలేను. బజారు నల్లా కాడ బిందె పట్టుకొని నిలబడ్డోళ్లం, దాని విలువ మాకు ఎరుకే. "మీకు అది చాలు" అనే మాట కూడా మాకు కొత్తది కాదు.

జై భీమ్.