చెవి మిషన్ ఇచ్చి వెళ్లిపోతే సరిపోదు

బోధన్ ప్రాంతపు వృద్ధుల్లో చెవుడుకు వయసు ఒక్కటే కారణం కాదు. 2015 డిసెంబరులో మూతపడేదాకా శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ తరతరాలకు తిండి పెట్టింది. ఏ చక్కెర మిల్లులోనైనా సీజనంతా గానుగలు, టర్బైన్ల హోరే. ఏళ్లతరబడి ఆ హోరులో పనిచేస్తే లోపలిచెవిలోని సన్నని కణాలు చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు ఇలా వచ్చే చెవుడును వృత్తి వ్యాధిగానే లెక్కగట్టింది.

నిజామాబాద్, బోధన్ వృద్ధాశ్రమాల్లో సేవ చేసేవాళ్లు, ఆ మిల్లు కార్మికుల కుటుంబాలు కట్టుబడాల్సిన ప్రణాళిక ఇది.

ఆశ్రమంలో చేరిన రోజే బీపీ, షుగర్‌తో పాటు చెవులూ చూడాలి. కొందరికి అడ్డం పడేది గట్టిపడ్డ గులిమే. దాన్ని పిన్నీసులతో గెలకకూడదు, డాక్టరే తీయాలి. వినికిడి పరీక్ష కాకుండా ఏ అవ్వకూ మతిపోయిందని ముద్ర వేయకూడదు. పిలిస్తే పలకకపోవడానికి వినపడకపోవడమూ కారణం కావచ్చు.

2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు చెవి మిషన్లు ఉచితంగా ఇస్తారు. మంచి పథకం. అసలు పని మాత్రం మిషన్ చేతికొచ్చిన మర్నాటి నుంచి మొదలవుతుంది. మిషన్‌లో వేసే బటన్ సెల్లు స్టిక్కర్ పీకగానే గాలి తగిలి పనిచేయడం మొదలుపెడుతుంది. వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోతుంది. చెవిలో పెట్టే అచ్చు రంధ్రం గులిమితో పూడితే శబ్దం లోపలికి పోదు. అచ్చు సరిగ్గా కూర్చోకపోతే మిషన్ కూత పెడుతుంది, విసుగొచ్చి తాత దాన్ని తీసి ట్రంకుపెట్టెలో పడేస్తాడు. వణికే వేళ్లతో ఆ చిన్న సెల్లు మార్చడం ఆయనవల్ల కాదు. అందుకే ప్రతి షిఫ్టులో ఒక మనిషికి ఈ పని పేరుపెట్టి అప్పగించాలి. పొద్దున చాయ్‌కి ముందే అన్ని మిషన్లూ చూడాలి.

అరవడం మానాలి. హోరు వల్ల చెవి దెబ్బతిన్నవాళ్లకు అచ్చుల కన్నా హల్లులే ముందు జారిపోతాయి. ‘పాలు’ అన్నా ‘చాలు’ అన్నా ఒకేలా వినిపిస్తుంది. గొంతు పెంచితే ఆ తేడా తేలదు. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ముఖం మీద వెలుతురు పడేలా నిదానంగా మాట్లాడాలి. తెలుగో, ఉర్దూనో, మరాఠీనో, ఆ మనిషి ఇంట్లో మాట్లాడిన భాషలోనే మాట్లాడాలి.

ప్రభుత్వాన్ని అడిగేవి రెండే. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రి చెవి వైద్యులు వంతులవారీగా ఆశ్రమాలకే రావాలి. సెల్లులు, మరమ్మతుల ఖర్చునూ ఆశ్రమాలకిచ్చే నిధుల్లో చేర్చాలి.