కొనుగోలు కబుర్లు: దీపాల బేరం

హోసూరులో మా బావమరిదికి చిన్న రంగుల కార్ఖానా ఉన్నది. మొన్న పండుగకు వచ్చినవాడు భోజనాలు కాగానే సంచిలోనుంచి మూడు కొటేషన్లు తీసి నా ముందు పెట్టాడు.

"బావా, ఆఫీసులో ఇరవై ఏళ్లుగా మీరు ఇవే చూస్తున్నారు. కార్ఖానాకు పన్నెండు ఫ్లేమ్‌ప్రూఫ్ దీపాలు కావాలి. మూడోవాడి వెల మొదటివాడి వెలలో మూడోవంతే. ఎల్‌ఈడీ ధరలు పడిపోయాయి గదా, వాడికే ఇద్దామా?" అన్నాడు.

ధరలు పడిపోయిన మాట నిజమే. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ 2014లో టోకున 310 రూపాయలకు కొన్న ఇంటి బల్బు 2017 నాటికి 40 రూపాయల లోపుకు దిగింది. అయితే ఆ తగ్గుదల లోపలి దీపానిది. ఫ్లేమ్‌ప్రూఫ్ సామానులో మన డబ్బు ఎక్కువగా పోయేది బయటి పెట్టెకు.

తిన్నరు ఆవిరి లోపలికి చొరబడి, నిప్పురవ్వ తగిలి పేలినా ఆ పెట్టె పగలకూడదు. అతుకుల సందులోనుంచి వచ్చే మంట గదిలోని ఆవిరిని అంటించలేనంతగా చల్లారిపోవాలి. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ బొగ్గుగని దీపం చుట్టూ తీగల వల పెట్టినదీ మంటను ఇలా చల్లార్చడానికే. మందపాటి అద్దమూ రబ్బరు పట్టీ ఉన్నంతమాత్రాన ఈ పని జరగదు.

కనుక పెట్టెమీది రేకు చదవాలి. ఎక్స్ గుర్తు, ఏ వాయువుల వర్గానికి పనికివస్తుందో, ఎంత వేడెక్కుతుందో అందులో ఉంటాయి. టి6 అంటే పైభాగం 85 డిగ్రీలు దాటదు. టి4 అయితే 135. తరువాత పరీక్షా సర్టిఫికెట్టు నకలు తెప్పించి, మోడలు నంబరు సరిచూడాలి. నాగపూరు కేంద్రంగా ఉన్న పెసో వారి అనుమతి సంగతీ అడగాలి. మూడోవాణ్ణి నకలు అడిగితే, దీపం వానకు తట్టుకుంటుందన్న కాగితం పంపాడు! ఆ కొటేషను అక్కడితో పక్కన పెట్టాము.

మంచిది కొన్నా, బిగించేవాడు వైరు కోసం పెట్టెకు కొత్త చిల్లు వేస్తే, ఒక్క బోల్టు వదిలేస్తే, పెట్టిన డబ్బంతా దండుగ. గది లోపల మామూలు స్విచ్చి ఉన్నా అంతే.

మరి పొదుపు ఎక్కడ? పీపాలన్నీ ఒకే గదిలోకి చేర్చమన్నాను. ఆవిరి ఎంతవరకు వ్యాపిస్తుందో లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ ఇంజనీరు వచ్చి చూసి, ఫ్లేమ్‌ప్రూఫ్ దీపాలు నాలుగు చాలునన్నాడు. ఆఫీసుకూ, వాకిటికీ, ఖాళీ డబ్బాల కొట్టుకూ మామూలు ఎల్‌ఈడీలే పెట్టించాడు. మొదటివాడి దగ్గర కొన్నా, ఆ నాలుగింటి ఖర్చు మూడోవాడి పన్నెండు దీపాల వెలను మించలేదు.

ఆ పీపాల గదిలో పొద్దంతా పనిచేసేది మన వీధి కుర్రవాళ్లు ముగ్గురు. ఇటువంటి కార్ఖానాలు నడిపేవారు మన సంఘంలో ఇంకా చాలామంది ఉన్నారు. కొటేషనులో అంకె చూసేముందు ఒక్కసారి రేకు చూడవలసిందిగా వారికి నా మనవి.