నలభై తొమ్మిదంటే ఫెయిలా?

"మీ అమ్మాయికి ఎంతొచ్చింది వదినా?"

ఏప్రిల్ నెలలో ఖమ్మంలో ఏ వీధికెళ్లినా ఇదే ప్రశ్న. కూరగాయల బండి దగ్గరా ఇదే, పెళ్లి పందిట్లోనూ ఇదే. తొంభై ఎనిమిదంటే "అబ్బో" అంటారు. అరవై అంటే "పోన్లే" అంటారు. నలభై తొమ్మిదని చెప్పాల్సి వస్తే మాత్రం ఆ తల్లి మాట మార్చేస్తుంది. సాయంత్రానికల్లా ఇంట్లో చర్చ మొదలవుతుంది. దీనికి చదువు అబ్బలేదు, ఏదో డిగ్రీలో చేర్పిద్దాం. లేదా మొన్న వచ్చిన సంబంధం వాళ్లకి కబురు పెడదాం.

జేఈఈ మెయిన్‌లో వచ్చిన ఆ నలభై తొమ్మిది అసలు ఏమిటని మాత్రం ఎవరూ అడగరు. అవి మార్కులా, శాతమా, ఇంకేదైనానా?

2025లో ఆ 49 భద్రాచలం ఏజెన్సీలోని ఒక కోయ అమ్మాయికి వచ్చిందనుకుందాం. ఆమె ఫెయిల్ కాలేదు. ఐఐటీల్లో ప్రవేశానికి పెట్టే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి ఆమెకు అర్హత వచ్చినట్టే. ఆ సంగతి ఇంట్లో తెలియకపోతే ఆ అర్హత కాగితం మీదే ఉండిపోతుంది.

వందకి కాదు, వంద మందిలో

జేఈఈ మెయిన్ 75 ప్రశ్నలు, 300 మార్కుల పరీక్ష. సరైన జవాబుకి నాలుగు మార్కులు, తప్పయితే ఒకటి కోత. కానీ స్కోరు కార్డులో కనిపించే అంకె ఆ మార్కులు కావు. అది పర్సంటైల్. మన శాతానికీ దీనికీ పేరులో పోలికే గానీ చుట్టరికం లేదు.

పరీక్ష రాసిన వంద మందిని మార్కుల ప్రకారం వరుసలో నిలబెట్టామనుకోండి. 49 పర్సంటైల్ అంటే, మన అమ్మాయితో సమానంగానో అంతకంటే తక్కువగానో మార్కులు వచ్చినవాళ్లు అందులో 49 మంది అని. అంతే. 300లో 49 శాతం అంటే 147 మార్కులు. నిజంగా 147 మార్కులు తెచ్చుకున్న పిల్ల తొంభై పర్సంటైల్ దాటి ఎంతో పైన ఉంటుంది.

మరి నేరుగా మార్కులే చెప్పొచ్చు కదా అంటారా? పరీక్ష ఒక్క పూటతో అయిపోదు. రోజుల తరబడి, ఉదయం కొందరికి, మధ్యాహ్నం కొందరికి వేరువేరు ప్రశ్నపత్రాలతో జరుగుతుంది. ఒక పూట పేపరు కష్టంగా, ఇంకో పూటది తేలికగా రావొచ్చు. అందుకే ఏ పూట రాసినవాళ్లను ఆ పూటవాళ్లతోనే పోలుస్తారు. ఇద్దరు అక్కచెల్లెళ్లకు ఒకే మార్కులు వచ్చినా పర్సంటైల్ వేరుగా ఉండొచ్చు. ఏడాదిలో రెండుసార్లు రాస్తే మెరుగైనదే లెక్కలోకి వస్తుంది.

తొంభై తొమ్మిది వచ్చిన ఇంట్లోనూ ఒక పొరపాటు జరుగుతుంది. 2025లో ఈ పరీక్ష రాసినవాళ్లు దాదాపు 14.75 లక్షల మంది. అంటే 99 పర్సంటైల్ వచ్చిన పిల్ల ముందు ఇంకా పద్నాలుగు వేల ఏడొందల మందికి పైనే ఉన్నారు. 99కీ 99.5కీ తేడా అర పాయింటే కదా అనుకుంటాం. ఆ అర పాయింటులోనే ఏడు వేల మందికి పైగా పడతారు. మిఠాయిలు పంచండి, తప్పులేదు. కోరుకున్న కాలేజీలో కంప్యూటర్స్ సీటు ఖాయమని మాత్రం అప్పుడే చెప్పకండి.

ఏ వరుసలో నిలబడాలి?

మెయిన్ రాసిన వారిలోంచి అడ్వాన్స్‌డ్‌కి సుమారు రెండున్నర లక్షల మందిని ఎంపిక చేస్తారు. అందరినీ ఒకే వరుసలోంచి తీసుకోరు. రిజర్వేషన్ ప్రకారం ఏ వర్గానికి ఆ జాబితా ఉంటుంది. ఎస్టీలకు ఏడున్నర శాతం, అంటే 18,750 మంది. 2025లో ఓపెన్ జాబితా 93.10 దగ్గర ఆగింది. ఓబీసీలకు 79.43, ఎస్సీలకు 61.15, ఎస్టీలకు 47.90. ఏటా ఈ అంకెలు కాస్త అటూ ఇటూ మారతాయి.

ఇది చూసి "వాళ్లకేం, ఊరికే ఇచ్చేస్తారు" అని మూతి విరిచేవాళ్లు ఉంటారు. ఖమ్మంలో కోచింగ్ తీసుకున్న పిల్లకీ, చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల నుంచి వచ్చి ఆశ్రమ పాఠశాలలో చదివిన పిల్లకీ పరుగు ఒకే గీత దగ్గర మొదలు కాలేదన్నది ఆ మాటల్లో మరుగున పడిపోతుంది.

కటాఫ్ దాటగానే సీటు వచ్చినట్టు కాదు. ముందున్న అడ్వాన్స్‌డ్ కష్టమైన పరీక్షే. కానీ అందులో కాస్త వెనకబడిన ఎస్సీ, ఎస్టీ పిల్లల కోసం ఐఐటీలు ఏడాది ప్రిపరేటరీ కోర్సు నడుపుతాయి. ఐఐటీలో సీటు వస్తే ఎస్సీ, ఎస్టీలకు ట్యూషన్ ఫీజు ఉండదు. అమ్మాయిల కోసం 2018 నుంచి అదనపు సీట్లు పెట్టారు. అబ్బాయిల సీట్లలో కోత పెట్టి ఇచ్చినవి కావివి. ఇవన్నీ తెలిసిన తల్లి "నలభై తొమ్మిదేనా" అని నిట్టూర్చదు, "దరఖాస్తు ఎప్పటిలోగా" అని అడుగుతుంది.

తునికాకు రోజుల్లో గడువు

అసలు చిక్కు ఆ దరఖాస్తుతోనే. మెయిన్‌లో అర్హత వచ్చినా అడ్వాన్స్‌డ్‌కి మళ్లీ దరఖాస్తు పెట్టాలి, ఫీజు కట్టాలి. 2025లో అందుకు ఏప్రిల్ 23 నుంచి మే 2 దాకా గడువిచ్చారు. అమ్మాయిలకు ఫీజు 1,600 రూపాయలు.

ఆ రోజుల్లో అడవి పల్లెలో ఏం జరుగుతుంటుందో తెలుసా? హాస్టళ్లకు సెలవులు. పిల్ల ఇంటికొచ్చి ఉంటుంది. ఇల్లంతా తెల్లవారకముందే తునికాకు కోయడానికి అడవిలో ఉంటారు. ఫోన్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు ఇంటిది కాకపోతే, వచ్చిన కబురు ఇంకెవరి ఫోన్లోనో ఉండిపోతుంది. పది రోజులు ఎంతలో గడుస్తాయి?

పైగా సర్టిఫికెట్. ఎస్టీ జాబితాలో చోటు దక్కాలంటే కుల ధ్రువపత్రం చేతిలో ఉండాలి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఇటు వలస వచ్చిన గుత్తికోయ కుటుంబాలకు ఇక్కడ ఆ కాగితం దొరకడమే గగనం. అది లేకపోతే అదే 49 ముందు 93 గోడలా నిలబడుతుంది. బీసీ తల్లులూ గమనించాలి. మామూలు బీసీ సర్టిఫికెట్ చాలదు. కేంద్రం నమూనాలో, ఆ ఏడాది ఇచ్చిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి.

ఊరు దాటితే లెక్క వేరు

మన రాష్ట్రాల ఈఏపీసెట్ మరో రకం. 160 మార్కులు, తప్పుకి కోత లేదు. అర్హతకి 40 మార్కులు చాలు, ఎస్సీ, ఎస్టీలకు ఆ నిబంధన కూడా లేదు. ఇక్కడ మాట్లాడేది ర్యాంకే.

2014లో భద్రాచలం చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రలో కలిశాయి. పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. భద్రాచలం దాటి ఎటపాకలో అడుగుపెడితే రాష్ట్రమే కాదు, లెక్క కూడా మారుతుంది. తెలంగాణలో ఇంటర్ మార్కుల వెయిటేజీని 2023లో తీసేశారు. ఆంధ్రలో 2025లోనూ 25 శాతం ఉంది. కాబట్టి పక్క ఊరి వదిన చెప్పిన లెక్క మనకి పనికి రాకపోవచ్చు.

అలాగని తెలంగాణలో ఇంటర్‌ని వదిలేయకూడదు. జేఈఈ ద్వారా ఐఐటీ, ఎన్ఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 65 శాతం ఉండాలి. లేదా బోర్డులో పైనున్న 20 పర్సంటైల్‌లో ఉండాలి. చూశారా, ఒకే నిబంధనలో శాతమూ, పర్సంటైలూ పక్కపక్కనే!

అంకెను చదవడం నేర్చుకుందాం

అంకెలు ఎంత పని చేయగలవో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ చూసింది. ఇంటర్ ఫలితాల్లో 99 మార్కులు రావాల్సిన ఒక అమ్మాయికి సున్నా పడింది. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అంకె తప్పుగా పడొచ్చు. సరిగ్గా పడినా మనం తప్పుగా చదవొచ్చు. రెండింటికీ బలయ్యేది పిల్లలే.

అందుకే ఈసారి ఫలితాలు రాగానే నాలుగు సంగతులు అడగండి. ఇది మార్కులా, పర్సంటైలా? మా వర్గంలో ర్యాంకెంత? తర్వాతి దరఖాస్తుకి గడువెప్పుడు? కావలసిన పత్రాలు చేతిలో ఉన్నాయా? మీకు తెలియకపోతే అమ్మాయినే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పమనండి. ఆమెకీ మాట్లాడే ధైర్యం వస్తుంది.

సంబంధం వాళ్లకి కబురు తర్వాతైనా పెట్టొచ్చు. దరఖాస్తు గడువు మాత్రం మనకోసం ఆగదు.