అంతర్జాల విపణిలో చిటికి నేత

చేనేతకు ఒకప్పుడు సంత, షావుకారు, పట్నంలోని అంగడి, ఇవే విపణి మార్గాలు. ఆ వరుసలో నేడు అంతర్జాలం చేరింది. మగ్గం కదలకుండానే వస్త్రపు ఛాయాచిత్రం చెన్నైకీ, మెల్బోర్నుకూ చేరుతున్నది. ఇది మేలే. అయితే చేరుతున్నది వస్త్రమా, వస్త్రం పేరు మాత్రమేనా అన్నది విచారింపదగిన విషయం.

పూర్వపు నల్లగొండ జిల్లాలోని భూదాన్ పోచంపల్లి 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. అక్కడి ఇక్కత్ నేతకు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంచింది. ఇంతటి పేరుకు అంతర్జాలంలో వెల ఉండడం సహజం. ఆ వెలను ఇతరులు పొందడమూ అంతే సహజమైపోయింది. 'పోచంపల్లి ప్రింటు' అనే పేరుతో యంత్రాలపై అచ్చువేసిన బట్ట అమ్ముడవుతున్నది. నిజానికి పోచంపల్లి నేతలో అచ్చుకు చోటే లేదు. నూలుకు ముడులు కట్టి, రంగులలో ముంచి, ఆ తరువాతనే మగ్గానికి ఎక్కిస్తారు. నమూనా నూలులోనే పుడుతుంది, నేతలో కుదురుకుంటుంది. అందుకే చిటికి బట్ట రెండు వైపులా ఒకే తీరున కనిపిస్తుంది; అచ్చుబట్ట వెనుకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. సంతలో కొనే ఇల్లాలు కొంగు తిరగేసి చూసేది. తెర మీద ఆ అవకాశం లేదు. ప్రకటనలో సొగసైన భంగిమలు ఎన్ని ఉన్నా, బట్ట వెనుకవైపు చూపే చిత్రం ఒక్కటైనా లేకుంటే అది నేతగానికి మేలు చేసే ప్రకటన కాదు.

భాష సంగతి ఇంకా చిత్రమైనది. 'ఇక్కత్' మలయ్, ఇండోనేషియా భాషల నుండి వచ్చిన మాట; కట్టుట అని దాని మూలార్థం. నల్లగొండ నేతన్నల నోట అది 'చిటికి'. ప్రపంచమెరిగిన మాటను వాడడం తప్పు కాదు, వ్యాపారానికి అవసరం కూడా. అందుకోసం ఇంటి మాటను వదులుకోవడమే తగనిది. రోమను లిపిలో పోచంపల్లి చివర ఒకరు 'ఐ' రాస్తే మరొకరు 'వై' రాస్తారు. వెదికే యంత్రాలు ఈ తేడాలను చాలావరకు సర్దుకుంటున్నాయి. పుటలో లేని సమాచారాన్ని మాత్రం అవి తెచ్చిపెట్టలేవు.

హైదరాబాదులో చీరల అంగడివాడు వచ్చినవారిని బట్టి తెలుగు, ఉర్దూ, హిందీ మారుస్తాడు. అదే అంగడి అంతర్జాలమెక్కగానే తరచుగా ఆంగ్లం ఒక్కటే మాట్లాడుతుంది! పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని నారాయణపేట కన్నడ సీమను ఆనుకొని ఉన్నది. ఆ చీరలకు కర్ణాటక, మహారాష్ట్రలలో ఆదరణ ఉన్నది. కన్నడంలోనూ, మరాఠీలోనూ నాలుగు వాక్యాలు రాయించడం అక్కడివారికి బరువు కాదు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. వాటిని కలిపే కుప్పడం పనితనం వివరిస్తేనే వెల ఎందుకు ఎక్కువో కొనేవారికి బోధపడుతుంది.

నేయడమే నేతగాని పని, ప్రకటన కాదు అనేవారున్నారు. అందులో నిజం లేకపోలేదు. ఆసు పోయడం, ముడులు కట్టడం, అద్దకం, నేత, వీటితో ఇంటిల్లిపాదికీ తీరిక ఉండదు. ఆ భారం సహకార సంఘాలు మోయాలి. ఆ ఇళ్ళలోనే కళాశాలలకు వెళ్ళే పిల్లలున్నారు, వారి చేతుల్లో ఫోన్లున్నాయి. కొంగును వెనుకకు తిప్పి ఒక చిత్రం తీయడానికి నిమిషం చాలు.